ఒక్క చెయ్యి తక్కువ

పళ్ళ డాక్టరు దేనికీ ఒప్పుకోడు.

నగర కౌన్సిల్ కింద పార్కుల సలహా సంఘం ఒకటుంది. అందులో ఆయన సభ్యుడు. మిగతా సభ్యులకి తెలిసినంతలో ఒక్క తీర్మానానికి చెయ్యెత్తిన పాపాన పోలేదు. "సమ్మతమైనవాళ్ళు చేతులెత్తండి" అనగానే మిగతా చేతులన్నీ పైకి లేచేవి. ఆయన చేతులు మాత్రం చలేసినట్టు చంకల్లోకి దూరేవి. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారవిడిచి, "నాకు సమ్మతం కాదు" అనేవాడు. పన్ను పీకే ముందు "ఏం నొప్పుండదు" అని చెప్పే గొంతొకటి ఉంటుంది చూడండి, అచ్చం ఆ గొంతుతో. ఊరంతా ఆయన్ని ససేమిరా డాక్టరు అనేది.

పార్కులో బెంచీలు వేయిద్దామన్నారు.

"నాకు సమ్మతం కాదు."

"ఎందుకండీ?" అంది అధ్యక్షురాలు.

"బెంచీ వేస్తే కూర్చుంటారు."

"కూర్చోడానికేగా వేసేది!"

"కూర్చున్నవాళ్ళు లేవరు. అప్పుడు ఇంకో బెంచీ వేయాలి."

పిల్లలకి ఉయ్యాలలన్నారు. "ముందుకెళ్ళినంతసేపూ బాగానే ఉంటుంది. మళ్ళీ వెనక్కొస్తుందే!" అన్నాడు. టీ తాగి మొదలుపెడదామా అంటే, సమ్మతం కాదని చెప్పి అందరికన్నా ముందు కప్పు అందుకున్నాడు. ఒకసారైతే పార్కులో మంచినీళ్ళ కుళాయిలు కావాలని తనే లేచి ప్రతిపాదించాడు. సూర్యుడు పడమట పొడిచాడా అని అందరూ కిటికీలోంచి చూశారు. తీరా చేతులెత్తమంటే ఆయన చేతులు మళ్ళీ చంకల్లోకి పోయాయి.

"అయ్యా, ఇది మీ తీర్మానమే!" అన్నాడు బేకరీ ఆయన. మీటింగులకి బిస్కెట్లు తెచ్చేదీ, సగం తనే తినేసేదీ ఈయనే.

"అందుకేనయ్యా. దీని లోపాలు నాకు తెలిసినట్టు నీకేం తెలుస్తాయి?"

అధ్యక్షురాలు లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. క్లాసులో ఆవిడ గొంతెత్తితే వీధి చివరికి వినబడేది. పెద్దమనుషుల ముందు నిలబడితే మాత్రం నాలుక మడతపడేది. ఆ సంగతి తెలిసీ డాక్టరు ఆవిడని ప్రతి నెలా కౌన్సిల్ మెట్లెక్కించేవాడు. సలహా సంఘానికి చెప్పే హక్కే గానీ చేసే హక్కు లేదు, పెద్దింట్లో చిన్నకోడలి లాగా. ఏదైనా జరగాలంటే కౌన్సిల్ ఒప్పుకోవాలి. ఆ సభలో ఎత్తయిన కుర్చీల ముందు అటు డాక్టరూ ఇటు టీచరమ్మా నిలబడేవారు.

ముందు డాక్టరు మొదలుపెట్టేవాడు. "చెట్లు నాటితే ఆకులు రాలతాయి. రాలితే ఊడవాలి. అయినా నీడలో కూర్చుంటే ఎండ విలువ ఎలా తెలుస్తుంది?"

ఆ మాటకి టీచరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కేది. భయం ఎటుపోయేదో పోయేది. తప్పుడు లెక్క చేసిన పిల్లాణ్ణి బోర్డు దగ్గరికి పిలిచినట్టు ఆయన మాటల్ని ఒక్కొక్కటే తీసి దులిపేసేది. కౌన్సిలర్లు నవ్వేవారు, తలూపేవారు, చివరికి ఆవిడవైపే చేతులెత్తేవారు.

"మీ మూలాన నాకీ తిప్పలు!" అనేది మెట్లు దిగుతూ.

"బాగా మాట్లాడారు టీచరుగారూ. నాకు సమ్మతం కాదు గానీ, బాగా మాట్లాడారు."

ఇంత మొండిమనిషి భార్య దగ్గర మాత్రం పిల్లి. రోజూ సాయంత్రం మొగుడూపెళ్ళాలు పార్కు మెట్ల మీదుగా బజారుకి దిగేవారు. నిటారుగా ఉండే మెట్లు. ఆయన ఒక మెట్టు ముందు, ఆవిడ ఒక మెట్టు వెనక, ఆవిడ చెయ్యి ఆయన భుజం మీద. ఈ వయసులో ఈ ముచ్చటేమిటో అని చూసినవాళ్ళు నవ్వుకునేవారు.

టీచరమ్మ అసలు ఆ సంఘంలో చేరింది ఒకే ఒక్క పని కోసం.

తనూ అక్కా ఉండే మేడ కిటికీలోంచి చూస్తే పాత వాటర్ వర్క్స్ తోట కనబడుతుంది. పూర్తిగా కాదు. గోడ మీదుగా చెట్ల తలలూ, ఒక పక్కగా గేటూ. ఎప్పుడో పంపుహౌస్ గోడ ఒరిగిందని గేటుకి గొలుసు వేశారు. గోడ మళ్ళీ కట్టారు. గొలుసు తీయడం మర్చిపోయారు. చిన్నప్పుడు అక్క తనకి సైకిలు నేర్పింది ఆ తోటలోనే. "వదలకే అక్కా!" అని తను అరవడం, "పట్టుకునే ఉన్నానే!" అని వెనకనుంచి అక్క అనడం, ఆ గొంతు దూరంగా ఎందుకు వినబడుతోందా అని తిరిగి చూసేసరికి అక్క ఎక్కడో చెట్టు కింద నవ్వుతూ నిలబడి ఉండటం, చూసిన పాపానికి తను పడటం. ఇప్పుడా అక్క మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది. చెల్లెలు మీటింగ్ నుంచి రాగానే ఒక్కటే అడుగుతుంది.

"తీశారా?"

"లేదక్కా."

"సరేలే."

ఆ "సరేలే" వినడం కన్నా నాలుగు తిట్లు తినడం నయం. అయినా టీచరమ్మ ఆ తీర్మానాన్ని సంఘం ముందుకు తేలేదు. బెంచీల మీద, కుళాయిల మీద ఆయన ఎన్ని కాదులైనా అననీ, అక్క తోట మీద మాత్రం ఆ మాట పడటానికి వీల్లేదు. దానికి అన్ని చేతులూ లేవాలి. ఒక్కటి కూడా తగ్గకూడదు. డాక్టరు పదవీకాలం ఎప్పుడైపోతుందా అని కాచుకు కూర్చుంది.

అదీ అయిపోయింది. సంఘంలో ఎవరూ రెండు విడతలకి మించి ఉండకూడదు. చివరి మీటింగులో డాక్టరుగారి సేవలకి కృతజ్ఞతలు తెలుపుతూ తీర్మానం పెట్టారు.

"నాకు సమ్మతం కాదు," అని ఆయన బిస్కెట్ ఒకటి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి మీటింగులోనే టీచరమ్మ తోట సంగతి తెచ్చింది. "సమ్మతమైనవాళ్ళు చేతులెత్తండి." అన్నీ లేచాయి. ఏకగ్రీవం! బేకరీ ఆయన చప్పట్లు కొట్టాడు. కొట్టి, ఆపేశాడు. అందరూ గోడ పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూస్తున్నారు. పక్కింటివాళ్ళ గడియారం ఆగిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది గది.

"ఏమిటో, ఉప్పు లేనట్టుంది," అన్నాడు బేకరీ ఆయన మెల్లిగా.

టీచరమ్మ పట్టించుకోలేదు. ఇంటికెళ్ళి, "ఈసారి తీస్తారే అక్కా," అంది. అక్క బీరువాలోంచి నడవడానికి పనికొచ్చే చెప్పులు తీసి కిటికీ కింద పెట్టుకుంది.

కౌన్సిల్ నుంచి పిలుపు రాలేదు. సభరోజు టీచరమ్మ తనే వెళ్ళి సందర్శకుల కుర్చీల్లో కూర్చుంది, చెప్పాల్సిందంతా మనసులో వల్లెవేసుకుంటూ. గుమాస్తా ఎర్రదారం కట్టిన కాగితాల కట్ట ఒకటి బల్లమీద పెట్టాడు. "ఈ కట్ట మీద ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాడు మేయరు. ఎవరో దగ్గారు. "గమనించడమైనది," అన్నాడు మేయరు. కట్ట బల్లమీంచి లేచిపోయింది.

ఆవిడ సభ చివరిదాకా కూర్చుంది. కుర్చీలు సర్దుతున్న గుమాస్తా దగ్గరికెళ్ళి, "మా తోట తీర్మానం ఎప్పుడొస్తుందండీ?" అంది.

"అయిపోయిందిగా మేడం. కట్టలో పోయింది."

"పోవడమేమిటి? మేమంతా ఏకగ్రీవంగా పంపాం!"

"అందుకే పోయింది. అందరూ ఒప్పుకున్నవాటిని అన్నీ కలిపి కట్ట కడతాం. చదవరు. గమనించి బీరువాలో పెడతారు. ఒక్కరు కాదన్నా సరే, సభలో చదివి తీరాలి, మీ ఇద్దర్నీ పిలిచి విని తీరాలి, తేల్చి తీరాలి. అది నియమం." గుమాస్తా ఆవిడ మొహం చూసి ఆగాడు. "ఇన్నేళ్ళూ మిమ్మల్ని ఎందుకు పిలిచామనుకున్నారు?"

"డాక్టరుగారి గొడవ మూలాన..."

"నేను చెప్పేదీ అదేగా మేడం."

టీచరమ్మ ఇంటికి పోలేదు. అక్కణ్ణుంచి తిన్నగా క్లినిక్‌కి వెళ్ళి తలుపు తోసింది. కుర్చీలో బేకరీ ఆయన నోరంతా తెరిచి పడుకుని ఉన్నాడు.

"డాక్టరుగారూ, ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"అడక్కండి టీచరుగారూ, పన్నులో ఉన్నాను."

"బెంచీలూ, చెట్లూ, ఉయ్యాలలూ, అన్నీ మీరు కాదనబట్టి వచ్చాయి! ఒక్కమాట చెబితే మీ సొమ్మేం పోయేది?"

"చెబితే మీకు నామీద కోపం పోయేది. కోపం లేకపోతే మీకు నోరు పెగలదు. మిమ్మల్ని సభలో చూశాను, నాకు తెలీదూ?"

"ఆఁ... ఆఁ..." అన్నాడు బేకరీ ఆయన.

"నువ్వుండవయ్యా. నోరు కడుక్కో."

టీచరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. "మీకెలా తెలిసిందండీ ఈ కట్ట సంగతి?"

డాక్టరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మీరెవరూ రాకముందు నేను పెట్టిన మొదటి తీర్మానం. పార్కు మెట్లకి ఇనపకమ్మీ. మా ఆవిడకి కాలు పట్టు తప్పుతుంది, దిగేటప్పుడు పట్టుకోడానికి ఏదైనా ఉంటే బాగుంటుందని. ఏకగ్రీవం. చప్పట్లు కూడా కొట్టారు. గమనించడమైనది!" అద్దాలు పెట్టుకున్నాడు. "ఒకసారి గమనించిన దాన్ని నేనే మళ్ళీ అడిగితే, సొంతింటి పనిలాగుంటుందని ఊరుకున్నాను. నాకేం నష్టం లేదులెండి. నా భుజం ఉందిగా."

టీచరమ్మ స్టూలు మీంచి లేచింది. "మా తోట మళ్ళీ పెడతాను. కానీ మీరు లేరు. ఎవరు కాదంటారు?"

"మీరే అనాలి."

"నేనా? ఆ తోటనా?"

"ఇన్నేళ్ళు నన్ను చూశారు. మీకన్నా బాగా ఎవరికొస్తుంది?"

మళ్ళీ మీటింగులో చేతులన్నీ లేచాయి, అధ్యక్షురాలివి తప్ప. ఆవిడ చేతులు చంకల్లోకి పోయాయి. "నాకు సమ్మతం కాదు," అంది, కళ్ళు గట్టిగా మూసుకుని. నోరు కడుక్కున్నాక అసలు సంగతి విన్న బేకరీ ఆయన ముసిముసిగా నవ్వి, సభలో తోట తరఫున తను మాట్లాడతానన్నాడు.

సభరోజు పొద్దున్నే డాక్టరు ఆయన పన్ను పీకేశాడు.

దవడ బూరెలా వాచి, నోటినిండా దూదితో వచ్చాడు బేకరీ ఆయన. "తోట ఎందుకు తెరవాలో చెప్పండి," అన్నాడు మేయరు. "ఊఁ," అన్నాడు బేకరీ ఆయన. అంతకన్నా ఏమీ రాలేదు. మేయరు టీచరమ్మ వైపు తిరిగాడు.

"మీరు చెప్పండమ్మా. ఎందుకు తెరవకూడదు?"

ఆవిడ లేచింది. కోప్పడటానికి ఎదురుగా డాక్టరు లేడు, వెనక సందర్శకుల్లో కూర్చున్నాడు.

"గేటు తీస్తే మా అక్క లోపలికి వెళ్తుంది," అంది.

"వెళ్తే?"

"వెళ్తే ఇంక రాదండీ. చెట్టు చుట్టూ ఇనపసీటుంది, అక్కడ కూర్చుండిపోతుంది. నాకు సైకిలు నేర్పిన కథ మొదటినుంచీ చెప్తుంది. పట్టుకునే ఉన్నానని వదిలేసింది కదా, అది చెప్పి నవ్వుతుంది. నేను వినాలి. చీకటి పడుతోంది పదవే అంటే, ఇంకాసేపే అంటుంది. ఇప్పుడైతే ఏ గొడవా లేదు. కిటికీ దగ్గర కూర్చుని, తీశారా అంటుంది. లేదంటాను. సరేలే అంటుంది. అంతే." ఆవిడ చేతులు చంకల్లోకి దూర్చుకుంది. "మోకాళ్ళు పోతున్నాయి. ఇంకొన్నాళ్ళాగితే ఎలాగూ నడవలేదు. అప్పుడు తీసినా ఇబ్బంది ఉండదు. అందుకని, నాకు సమ్మతం కాదు."

సభలో ఎవరూ దగ్గలేదు. ఎవరూ అడక్కుండానే ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇంకొకటి. తర్వాత అన్నీ.

"అభ్యంతరం ఎవరికైనా?" అన్నాడు మేయరు, ముక్కు తుడుచుకుంటూ.

"నాకుంది," అన్నారెవరో వెనకనుంచి.

"మీకు ఓటు లేదు డాక్టరుగారూ."

"తెలుసండీ. అలవాటు."

గొలుసు తీసిన రోజు అక్క ఆ చెప్పులేసుకుని గేటు దాటింది. "పట్టుకోవే," అంది. "పట్టుకునే ఉన్నానక్కా," అంది చెల్లెలు, ఎప్పుడో నాలుగడుగుల వెనక ఆగిపోయి.

ఆ తర్వాత మెట్లకి కమ్మీ తీర్మానం వచ్చింది. "ఈసారి ఎవరు కాదంటారు?" అంది టీచరమ్మ. గదిలో ఉన్న చేతులన్నీ ఒక్కసారిగా చంకల్లోకి పోయాయి.

"అందరూ కాదంటే ఇంక తీర్మానం ఎక్కడుంటుందండీ! ఎవరో ఒక్కరు!"

పోటీ పడి, అలిగి, చివరికి ఆ అవకాశం బేకరీ ఆయన కొట్టేశాడు. "తోట కోసం ఒక పన్ను ఇచ్చుకున్నాను. ఆ పన్ను ఇంకో వారం ఆగేదే!" అన్నాడు.

కమ్మీ వచ్చింది. రంగు ఆరిన సాయంత్రం టీచరమ్మా, బేకరీ ఆయనా మెట్ల పక్కన నిలబడ్డారు, ఏదో పనున్నట్టు. డాక్టరూ భార్యా వచ్చారు. ఆయన అలవాటుగా ఒక మెట్టు దిగి, భుజం వంచి ఆగాడు. ఆవిడ కమ్మీ పట్టుకుంది. ఆయన్ని దాటుకుని చకచకా దిగిపోయింది. ఆయన భుజం అలా వంచే ఉంది.

"ఎలా ఉంది డాక్టరుగారూ?" అంది టీచరమ్మ.

ఆయన భుజం ఒకసారి తడుముకున్నాడు.

"నాకు సమ్మతం కాదు," అన్నాడు. "ఈసారి నిజంగానే."

కింద సగం మెట్ల దగ్గర భార్య ఆగి వెనక్కి చూసింది.

"అక్కడే నిలబడ్డారేం? కమ్మీ ఒక పక్కకేగా వేయించారు. ఈ రెండో చెయ్యి ఏం చేసుకోమంటారు?"

డాక్టరు రెండేసి మెట్లు దిగాడు.