నాలుగింటిలోగా వెళ్ళాల్సిన మెయిలు

కొన్నేళ్ళ కిందటి వానాకాలం. అప్పటికి అమలాపురంలో నేను కంప్యూటర్లు బాగుచేసే షాపు పెట్టి ఇరవై ఏళ్ళు. ఈ ఇరవై ఏళ్ళలో నేను విప్పిన సీపీయూలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి పైకెక్కితే అటు యానాం, ఇటు రాజోలు కనిపిస్తాయి. వాటిల్లోంచి దులిపిన దుమ్ముతో గోదాట్లో ఓ లంక మెరక చెయ్యొచ్చు. అంతటివాణ్ణి ఒక మెయిలు ముందు చెమటలు కక్కిన కథ ఇది.

ఆ బుధవారం పదకొండింటికి ముమ్మిడివరం అవతలి పల్లె నుంచి ఫోను. భాస్కరమ్మ గారని, పెరట్లో షెడ్డు వేసి కొబ్బరిపీచు డోర్‌మ్యాట్లు నేయిస్తారు. “మెయిలు పన్జెయ్యట్లేదండీ. మీరు రెక్కలు కట్టుకుని రావాలండీ” అన్నారు. రెక్కలు కట్టుకున్నవాణ్ణి ఒకటిన్నరకి దిగేను. దారిలో కొబ్బరికాయల లారీ అడ్డం పడిపోయిందని చెప్పేను.

వీధరుగు మీద ఎనిమిదిమంది నేతపనివాళ్ళు, అంతా ఆడవాళ్ళే, ఆపరేషన్ థియేటరు బయట కూర్చున్నట్టు కూర్చున్నారు. రెండు నెలలుగా మగ్గాలు ఖాళీ. ఇన్నాళ్ళకి ఓ హోటళ్ళ కంపెనీ ఆర్డరిచ్చింది. ఒప్పుకుంటున్నట్టు సంతకం చేసిన కాయితం ఆవేళ సాయంత్రం నాలుగింటిలోగా, వాళ్ళ దగ్గర రాయించుకున్న మెయిల్ అడ్రసు నుంచే వెళ్ళాలి. లేదా ఆర్డరు ఇంకొకరికి.

“ఫోన్ చేస్తే మెయిల్ పెట్టండి మేడమ్ అంటున్నారండీ, అదొక్కటే పాట” అన్నారు భాస్కరమ్మ గారు.

“సెల్లులోంచి పంపేద్దామండీ. పాస్‌వర్డు?”

“అదెవరికి తెలుసండీ? ఎప్పుడో మా తమ్ముడు పెట్టేడు. వాడికే గుర్తులేదంట.”

అంటే ఆ పాస్‌వర్డు తెలిసిన ప్రాణి భూమ్మీద ఒకటే, ఆ కంప్యూటర్లోని మెయిల్ ప్రోగ్రామ్. అదేమో మూతి బిగించుకు కూర్చుంది.

కంప్యూటరు కాదది, కులదైవం. కుట్టుపని గుడ్డ కప్పి, తెర కింద కుడి మూల అరచేతి మేర గంధం పూసి కుంకుమ పెట్టేరు. దసరాకి పెట్టింది, తుడిస్తే దోషమట. సెండ్ నొక్కేను. తెర మీద ఓ డబ్బా లేచి, సెక్యూరిటీ సర్టిఫికెట్ గురించి ఇంగ్లీషులో ఏదో బారెడు చదివి వినిపించబోయింది. అలాంటి డబ్బాల్ని ఇరవై ఏళ్ళుగా దోమల్ని కొట్టినట్టు కొట్టేస్తున్నాను. దీన్నీ కొట్టేసేను.

“రీఇన్‌స్టాల్ చెయ్యాలండీ” అన్నాను గంభీరంగా. అంటే ప్రోగ్రామ్‌ని తీసేసి మళ్ళీ పెట్టడం. భాస్కరమ్మ గారి భర్త సత్తిరాజు గారు గతుక్కుమన్నారు. అప్పట్నించీ ఆయన హాల్లో పచార్లు. ఆ నడక తిన్నగా నడిస్తే గోదారి దాటి జొన్నాడ దాకా వెళ్ళి, కాఫీ తాగి, వెనక్కొచ్చేసేవారు.

రెండుంబావుకి కొత్త ప్రోగ్రామ్ ఎక్కింది. సెండ్. మళ్ళీ అదే డబ్బా. కొట్టేసేను. మళ్ళీ తీసి మళ్ళీ పెట్టేను. మూడు కావస్తోంది. అరుగు మీంచి ఒకావిడ లోపలికి తొంగిచూసింది. “అయ్యగారూ, అదింకా పీకుతున్నారా, పెడుతున్నారా?”

“పెడుతున్నానమ్మా.”

“పొద్దున్నించీ మా మగ్గాలూ అలాగే ఎదురుచూస్తున్నాయండీ” అని తల వెనక్కి తీసుకుంది. నా చెవులు ఎర్రబడ్డాయి.

ఇక మిగిలింది ప్రొఫైల్ తీసెయ్యడం. ప్రొఫైల్ అంటే ఆ అడ్రసు, పాత ఉత్తరాలు, పాస్‌వర్డు అన్నీ దాచుకున్న పెట్టె. తీస్తే ప్రోగ్రామ్ బాగుపడొచ్చు. పాస్‌వర్డు మాత్రం గోదాట్లో కలిసినట్టే. బాణంగుర్తు రిమూవ్ అనే మాట మీద పెట్టి, “ఇంక వేరే దారి లేదండీ” అన్నాను.

పచార్లు ఠక్కున ఆగేయి. సత్తిరాజు గారు నా చెవి దగ్గరికి వంగేరు. “మెకానిక్కు గారండీ, ఒక్క ముక్క. పొద్దున్న అందులో నేను... తారీఖు మార్చేనండి.”

“తారీఖా?”

“ఇవాళ అమావాస్యండీ. ఇంత పెద్ద ఆర్డరు అమావాస్య నాడు ఒప్పుకుంటావా అని మనసు పీకేసిందండీ. మొన్న శుక్రవారం దశమి, మంచిరోజు. కంప్యూటర్లో ఆ శుక్రవారమే పెట్టేసేను. ఉత్తరం మీద దశమి తారీఖే పడుతుంది కదాండీ?”

తెర మీద తారీఖు ఉండే మూల, ఆ గంధం మీద గోరు పెట్టి గీకేను. లోపల శుక్రవారం నవ్వుతోంది.

మెయిల్ సర్వరు తన గుర్తింపు కార్డు చూపించేకే ప్రోగ్రామ్ మాట కలుపుతుంది. ఆ కార్డే సర్టిఫికెట్. సర్వరు వాళ్ళు సోమవారం నుంచి చెల్లేలా కొత్త కార్డు తీసుకున్నారు. శుక్రవారంలో కూర్చున్న కంప్యూటరేమో, ఇంకా పుట్టని కార్డు నాకు చూపిస్తావా అని సర్వరుని గుమ్మంలోనే నిలబెట్టేసింది. నేను రెండుసార్లు ఆపరేషన్ చేసింది రోగమే లేనివాడికి. పైగా ఆ సంగతి ఆ డబ్బా తేదీలతో సహా చెబుతూనే ఉంది, నేనే నోరు నొక్కేను.

తారీఖు సరిచేసేను. పొద్దున్నించీ ఆగిపోయిన మెయిళ్ళు బిలబిలా దిగేయి.

“నాలుగింటి దాకా టైముంది కదాండీ,” సత్తిరాజు గారు గొణిగేరు, “మూడూ నలభైకి అమావాస్య వెళ్ళిపోతుంది, అప్పుడు...”

“ఈలోగా కరెంటు పోతే మీ దశమి వచ్చి పంపుతుందా?” భాస్కరమ్మ గారు ఆయనకేసి చూడను కూడా చూడలేదు. “బయట ఎనిమిదిమంది కూర్చున్నారు. జరగండి.” మౌసు లాక్కుని సెండ్ నొక్కేరు.

నీలంగీత నత్తలా పాకింది. వెళ్ళింది. అయిదు నిమిషాల్లో కంపెనీ జవాబు, అందింది, పని మొదలుపెట్టండని.

“వెళ్ళిందాండీ?” అరుగు మీంచి ఎనిమిది గొంతులు.

“ఆయ్, వెళ్ళిందండీ!” అని అరిచింది సత్తిరాజు గారే. మరుక్షణం అరుగు ఖాళీ, షెడ్డులో మగ్గాల చప్పుడు.

అప్పట్నించీ ఏ ఇంటికెళ్ళినా ముందు గడియారం మూల చూస్తాను. తెర మీద డబ్బాని ఆఖరి అక్షరం దాకా చదువుతాను. ఆ తర్వాత ఇంట్లో పచార్లు చేసే మనిషెవరా అని చూస్తాను. ఆయన్ని కూర్చోబెట్టి, పొద్దున్నించి ఏం చేసేరో చెప్పించుకుని, అప్పుడు స్క్రూడ్రైవరు తీస్తాను.

సత్తిరాజు గారి కథ చెబితే షాపులో అందరూ పడీపడీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఒక్క ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆవేళ ఏ లారీ అడ్డం పడలేదు. పన్నెండూ యాభై దాకా వర్జ్యం ఉందని నేనే షాపులో కూర్చున్నాను.