రెక్కలు మెలేసిన బాతు

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే! జువాలజీ పాసయ్యాను. ఆ సంబరంలో స్నేహితులందరం చెరువు దగ్గరికి పక్షులను చూడటానికి పోదామనుకున్నాం. ఏ నెల మంచిదని అడుగుతూ ఒకరు సూదితోక బాతు ఫొటో పంపారు. జనవరి అని రాసి, ఆ ఫొటోను పెద్దది చేసి రెక్కల వైపు చూశాను.

నాకు ఏడేళ్లప్పుడు, చలికాలంలోనే, పాలు పోసి వస్తూ బాపు నన్ను చార్మినార్ దగ్గరి పక్షుల బజారు మీదుగా తీసుకొచ్చాడు. ఒక గంపలో అచ్చం అలాంటి బాతులే, రెక్కలు వీపు మీద మెలేసి ఉన్నాయి.

"చలికి ముడుచుకున్నయా బాపూ?"

బాపు చెప్పేలోపే నేనే ఒకదాని మెలిక విప్పి గాల్లోకి విసిరాను. ఎగిరిపోకుండా మెలేసినప్పుడే విరిగిన రెక్కతో అది రోడ్డు మీద పడింది. కుక్క దాని మెడ పట్టి విదిలించింది. నెత్తురు నా గౌను మీద చిమ్మింది. అమ్మేవాడు నా జుట్టు పట్టి చెంప ఛెళ్లుమనిపించాడు.

"పోరి మీద చెయ్యేస్తవారా?" అంటూ బాపు పాల క్యానుతో వాడి మూతి పగలగొట్టాడు.

ఇంటికొస్తూ అడిగాను. "ఆ బాతులు మళ్ల ఎప్పుడొస్తయి?"

"మళ్ల చలికాలానికే, బిడ్డా."

ఇక ఏ చలికాలంలోనూ అవి ఇటు రావద్దని ఆ ఏడాదంతా దేవుడికి మొక్కుకున్నాను. తమ దేశాల మంచులో ఆకలికి చావకుండా ఉండటానికే అవి మన దగ్గరికి వస్తాయని కాలేజీలో చదివాక తెలిసింది, దేవుడు నా మాట వినకపోవడమే మంచిదయిందని.