శ్రుతి దించిన గిటారు

బస్సుల కార్ఖానాలో అతను పెయింటరు. రేకు మీద ఏ చిన్న సొట్ట ఉన్నా వేలితో తడిమి పట్టుకుంటాడు. మనుషుల్లోనూ అలాగే సొట్టలు వెతుకుతాడని వాళ్ళావిడ సణుగుతుంది.

సాయంత్రాలు టైర్ల కొట్టు వెనక షెడ్డులో పాడతాడు. కొట్టు యజమానిది డ్రమ్స్, బావమరిదిది గిటారు. ముగ్గురూ కలిసి బ్లూస్ రాక్ వాయిస్తారు. పాటలు రాసుకోరు. ఆ రోజు పనిలో ఎవరు తిట్టారో, ఏ బండి మొరాయించిందో అదే పాట. అతను ఒక వరుస పాడితే గిటారు దానికి జవాబు చెప్పాలి, ఓదార్పో వెక్కిరింపో. తప్పు దొర్లితే ఆపరు. దాన్నే మళ్ళీ వాయించి పాటలో కలిపేసుకుంటారు.

ముందు పన్ను ఊడిపోవడంతో అతను కొన్ని నెలలు మౌత్ ఆర్గాన్ ముట్టలేదు. కట్టించుకున్న పన్ను కుదురుకున్నాక, ఒక సాయంత్రం వరుసల మధ్య ఊదాడు. మౌత్ ఆర్గాన్ ఒక దారి పట్టింది, గిటారు ఇంకో దారి. మౌత్ ఆర్గాన్‌కి శ్రుతి మార్చడానికి తిప్పే బిరడాలు ఉండవు. అంటే గిటారే కిందికి దిగింది. తను గిటారు ఎక్కడ మొదలుపెడితే అక్కడ అందుకునే మనిషి కాబట్టి ఇన్నాళ్ళూ పోల్చుకోలేకపోయాడు.

ఇక ఒక్కొక్కటే తట్టడం మొదలైంది. తను షెడ్డులోకి రాగానే ఈ మధ్య మాటలు ఆగిపోతున్నాయి. మొన్న సాధన లేదన్న రోజు అటుగా వచ్చి ఆంప్లిఫయరు మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది. కింది శ్రుతిలో పాడే బొంగురు గొంతువాణ్ణి ఎవణ్ణో పట్టుకొచ్చి, తనని మెల్లగా సాగనంపే ఏర్పాటు జరుగుతోందన్నమాట.

మౌత్ ఆర్గాన్ జేబులో పెట్టుకుని అడిగేశాడు.

“కొత్త గొంతు ఎవరిదిరా?”

“ఏ గొంతు బావా?”

“నంగనాచి కబుర్లు చెప్పకు. గిటారు ఎవడి కోసం దించావు? నా కోసమా?”

బావమరిది డ్రమ్స్ వైపు చూశాడు. టైర్ల ఆయన డ్రమ్ము మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు.

“నీ కోసమే బావా.”

అతను నమ్మలేదు. శ్రుతి ఎప్పటిలా పెంచమన్నాడు. పెంచాడు. రెండు వరుసలు బాగానే సాగాయి. మూడో వరుస పైకి వెళ్ళేచోట గొంతు జీరబోయి, గాలి తప్ప ఏమీ రాలేదు. జవాబు చెప్పాల్సిన గిటారు ఊరుకుంది.

“వాయించవేం?”

“ఏం వాయించను బావా? రంగుల పొగ పీల్చీ పీల్చీ నీ గొంతు అలా అయింది. నువ్వు మానేస్తావేమోనని చెప్పలేదు. నీకు అందేలా ఎంత దించాలో మొన్న మేమిద్దరం వాయించి చూసుకున్నాం.”

కోపం వచ్చింది. కోపగించుకోవడానికి మాత్రం షెడ్డులో నాలుగో మనిషి జాడ కూడా లేదు. కాసేపు స్టూలు మీద కూర్చున్నాడు. మానేస్తే సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచలేదు.

“దించు,” అన్నాడు. “ఈసారి నా కళ్ళ ముందే దించు.”

బిరడాలు తిరిగాయి. మూడో వరుస అందింది. గిటారు ఈసారి వెక్కిరింపుగానే జవాబు చెప్పింది. అతను నవ్వలేదు గానీ పాట చివరిదాకా పాడాడు.

తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

“మీ అక్కకి తెలుసా?”

“నువ్వు ఇంట్లో పాడుకుంటుంటే విని, నాతో చెప్పిందే అక్క.”

ఈ ఏడాది వాళ్ళావిడ మెచ్చుకున్న తన పాటలన్నీ దారి పొడుగునా ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంటూ నడిచాడు.