బోర్డులు పోయాయని రాసిచ్చాను

కంప్యూటర్లు బాగుచేసే మాలాంటి వాళ్ల నోట్లో ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. బోర్డు పోయింది. జనగామలో దుకాణం పెట్టి పదిహేనేళ్లు దాటింది, ఈ మాట ఎన్నిసార్లు అన్నానో నాకే గుర్తులేదు. చాలాసార్లు నిజంగానే పోయి ఉండేది. కొన్నిసార్లు మాత్రం నాకేమీ అర్థం కాక అనేవాణ్ని. వచ్చినవాడు మారు మాట్లాడడు. బోర్డు అంటే ఏమిటో అతనికి తెలియదు, పోవడమంటే ఏమిటో తెలుసు. ఉసూరుమంటూ పెట్టె చంకన పెట్టుకుని వెళ్లిపోతాడు. నా పరువు నిలబడుతుంది.

తెలియదు అని చెప్పడం నాకు చేతకాదు. హైదరాబాద్‌లో ఈ పని నేర్చుకునేటప్పుడు క్లాసులో ఒకసారి లేచి, సార్, గిది ఎట్ల వస్తది అని అడిగాను. కోస్తా వైపు నుంచి వచ్చిన సారు జవాబు చెప్పలేదు. నా మాటనే నా యాసలో తిరిగి పలికాడు. క్లాసంతా పడీ పడీ నవ్వింది. ఆ రోజు నుంచి అడగడం మానేసి, అర్థమైనట్టు తల ఊపడం నేర్చుకున్నాను. ఇదంతా సాకు అని ఎవరైనా అంటే కాదనను. నవ్వులపాలైనవాడు ఇంకొకరిని నవ్వులపాలు చేయకూడదు కదా. నేను చేశాను.

భూపాలపల్లి దాటి మహదేవపూర్ వైపు వెళ్తే, గోదావరికి దగ్గర్లో ఒక ఊళ్లో చిన్న ప్రైవేటు బడి ఉండేది. నగరంలో ఏదో ఆఫీసులో వాడి తీసేసిన పాత కంప్యూటర్లు పన్నెండు ఆ బడికి ఉచితంగా వచ్చాయి. అన్నీ ఖాళీవి, లోపల ఏ సిస్టమూ లేదు. వాటిలో ఉచితంగా దొరికే లినక్స్ సిస్టమ్ వేసి నడిపించమని బడి పెద్దసారు నన్ను పిలిపించాడు. కంప్యూటర్ల గది చూసుకుంటూ పిల్లలకు నేర్పడానికి చిట్యాల నుంచి ఒక అమ్మాయిని కొత్తగా పెట్టుకున్నారు. డిగ్రీ చదివింది, కంప్యూటర్ కోర్సు చేసింది. వాళ్లది కూలినాలి చేసుకునే ఇల్లు. ఆ ఇంట్లో నెల జీతం తెచ్చే మొదటి మనిషి ఆమె. కంప్యూటర్లు నడిస్తేనే నీ కొలువు ఉంటదమ్మా అని పెద్దసారు నా ముందే ఆమెతో అన్నాడు. అంటే ఆమె కొలువు నా చేతిలో ఉందన్నమాట. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మొదటి రోజంతా నా పక్కనే నిలబడి, నేను విప్పిన ప్రతి స్క్రూ పేరు అడిగి నోట్‌బుక్కులో రాసుకుంది. ఆ ఊళ్లో హోటలేమీ లేదు. మధ్యాహ్నం తన డబ్బాలోని అన్నంలో సగం, గోంగూర తొక్కుతో నాకు పెట్టింది. వద్దంటూనే శుభ్రంగా తిన్నాను.

ఆ పెట్టెల సీడీ డ్రైవులు బిగుసుకుపోయాయి. పెన్‌డ్రైవ్ పెడితే గుర్తుపట్టవు. అలాంటప్పుడు నాకు అలవాటైన దారి ఒకటుంది. హార్డ్ డిస్కులు విప్పి సంచిలో వేసుకుని జనగామ తెచ్చుకుంటాను. దుకాణంలో నా కంప్యూటర్‌కు తగిలించి సిస్టమ్ వేసి, మళ్లీ తీసుకెళ్లి బిగిస్తాను. అంత దూరంలో కరెంటును నమ్ముకుని కూర్చోవడం కంటే అదే నయం. పన్నెండు పెట్టెల మూతలు తీసి, డిస్కులు విప్పుకుని, మూతలు అలాగే వదిలేశాను. లోపల దుమ్ము బాగా ఉంది, నేను వచ్చేలోపు తుడిచి పెట్టమని ఆ అమ్మాయితో నేనే చెప్పాను.

సిస్టమ్ వేసేటప్పుడు, ఆ పని నడిపే ఇన్‌స్టాలర్ అనే ప్రోగ్రాం ఒకచోట ఆగి, ఏ కెర్నల్ వేయాలని అడుగుతుంది. కెర్నల్ అంటే సిస్టమ్‌కు మూలం. కంప్యూటర్ చిప్పుతో నేరుగా మాట్లాడేది అదే. చిప్పు రకాన్ని బట్టి కెర్నల్ మారుతుంది. ఫోన్ల చిప్పుకొకటి, పాత కంప్యూటర్ల చిప్పుకొకటి, కొత్తవాటికొకటి. ఇన్‌స్టాలర్ తెలివైనదే, తాను నడుస్తున్న కంప్యూటర్‌ను చూసి దానికి సరిపోయేవే జాబితాలో చూపిస్తుంది. కానీ అది చూస్తున్నది నా దుకాణంలోని కొత్త కంప్యూటర్‌ను. ఆ డిస్కు రేపు గోదావరి ఒడ్డున ఒక ముసలి పెట్టెలోకి వెళ్తుందని దానికెలా తెలుస్తుంది? అది నాకు తెలియాలి. జాబితాలో మూడు పేర్లు వచ్చాయి. మొదటిది కొత్త చిప్పుల కోసం, మూడోది పాతవాటి కోసం. పక్కన వివరం కూడా రాసి ఉంది. నేను ఎప్పటిలాగే చదవకుండా మొదటిదాని మీద ఎంటర్ కొట్టాను. ఒక డిస్కు తయారుచేసి, మిగతా పదకొండింటికీ దాన్నే కాపీ చేశాను.

వారం తర్వాత వెళ్లేసరికి గది అద్దంలా ఉంది. ఆ అమ్మాయి పెయింటు వేసే మెత్తటి బ్రష్షుతో ఒక్కో పెట్టెలో దుమ్మంతా దులిపింది. ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు రాసి కాగితం ముక్కలు అంటించింది. ఆ అంకెల కింద చిన్న పువ్వులు కూడా వేసింది. నేను డిస్కులు బిగించాను. పెద్దసారు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మొదటిది ఆన్ చేశాను. నల్ల తెర మీద రెండు లైన్ల ఇంగ్లీషు వచ్చి ఆగిపోయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. పన్నెండింటిలోనూ అవే రెండు లైన్లు.

ఆ అమ్మాయి తెర దగ్గరికి వంగి, వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అన్నా, గీ చిప్పుకు తగిన కెర్నల్ వెయ్యుమని రాసున్నది. మనం వేసింది వేరే రకంది గావచ్చు."

అచ్చం అదే రాసి ఉంది. తెరకూ నాకూ మధ్య మూరెడు దూరం. నేను చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దసారు ముందు, నిన్నగాక మొన్న చేరిన పిల్ల, కూలోళ్ల ఇంటి పిల్ల, నాకు చెప్పడమేమిటి? మాకు ఊళ్లో పొలాలున్నాయి, జనగామలో దుకాణముంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మగవాడెవడైనా అదే మాట అని ఉంటే ఒకసారి తెర వైపు చూసేవాణ్నే. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ నిజం అదే. నేను నవ్వాను. ఆమె ఆ ఇంగ్లీషు పలికిన తీరును ఆమెకే పలికి చూపించాను. పెద్దసారు కూడా నవ్వాడు. ఆమె వేలు వెనక్కి తీసుకుంది.

బోర్డులు పోయాయన్నాను. పెద్దసారు అమాయకుడేమీ కాదు, పన్నెండూ ఒక్కసారే ఎలా పోతాయని అడిగాడు. తెలియదు అంటే సరిపోయేది. నా నోరు నాకంటే ముందు పరుగెత్తింది.

"తుడిచేటప్పుడు లోపట ఏమన్న కదిలిచ్చిన్రా?"

పెద్దసారు ఆమె వైపు చూశాడు. నేనూ చూశాను. కిటికీలో బ్రష్షు ఉంది. తుడవమన్నది నేనేనని నేను చెప్పలేదు. ఆమె ఏదో అనబోయింది కానీ పెద్దసారు అప్పటికే లేచి, చేసిన నిర్వాకం చాల్లే అన్నట్టు చెయ్యి ఊపాడు.

బడి స్టాకు రిజిస్టరులోంచి సామాను పేరు కొట్టేయాలంటే మెకానిక్ కాగితం కావాలి. నా దుకాణం లెటర్‌హెడ్డు మీద, పన్నెండు కంప్యూటర్ల బోర్డులు పాడైపోయినవి, మరమ్మతుకు పనికిరావు అని గుండ్రటి అక్షరాలతో రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టిచ్చాను. కంప్యూటర్లు పాతసామాన్ల బండెక్కాయి. ఆ అమ్మాయిని మరుసటి నెల నుంచి రావద్దన్నారని తర్వాత తెలిసింది. అయ్యో పాపం అనుకుని ఊరుకున్నాను.

ఆరేడు నెలలకు బయ్యారంలో ఎరువుల దుకాణం కాకా ఒకాయన తన పాత కంప్యూటర్‌లో సిస్టమ్ మార్చమన్నాడు. ఎప్పటిలాగే డిస్కు విప్పి జనగామ తెచ్చాను, మొదటి పేరు మీద ఎంటర్ కొట్టాను, తీసుకెళ్లి బిగించాను. నల్ల తెర. అవే రెండు లైన్లు. మాట నోటిదాకా వచ్చింది. కాకా స్టూలు మీద నా పక్కనే కూర్చున్నాడు.

"నువ్వు ఇప్పేదాక మంచిగ నడిచింది కొడుకా. బోర్డు పోయిందని మాత్రం అనకు," అన్నాడు నవ్వుతూ.

అనడానికి ఇంకేమీ లేక, మొదటిసారి ఆ రెండు లైన్లు చదివాను. ఈ కెర్నల్‌కు అరవై నాలుగు బిట్ల చిప్పు కావాలి, ఇక్కడున్నది అంతకంటే పాతది. దీనికి తగిన కెర్నల్ వాడండి. అంతే. ఆ అమ్మాయి చదివింది ఇదే. డిస్కు మళ్లీ పట్టుకెళ్లి, మూడో పేరు ఎంచుకుని వేసి, రెండు రోజుల తర్వాత తెచ్చి పెట్టాను. చక్కగా లేచింది. కాకా సంతోషపడి చాయ్ తెప్పించాడు. సగం తాగి లేచాను. మహబూబాబాద్ దాకా బస్సులో, అక్కణ్నుంచి రైల్లో, దారి పొడుగునా ఆ అంకెల కింది పువ్వులే కళ్లముందు మెదిలాయి.

బుద్ధున్నవాడైతే ఆ రోజే ఆ బడికి ఫోన్ చేసేవాడు. నేను చేయలేదు. కంప్యూటర్లు ఎలాగూ తుక్కయ్యాయి, ఇప్పుడు చెప్పి ఏం లాభమని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

రెండు నెలల తర్వాత ఆ అమ్మాయే ఫోన్ చేసింది. భూపాలపల్లిలో ఒక బడిలో కంప్యూటర్ టీచర్ కొలువు దాదాపు ఖాయమైందట. వాళ్లు పాత బడిలో వాకబు చేస్తే, ముట్టుకుని పన్నెండు కంప్యూటర్లు ఖరాబు చేసిన పిల్ల అని పెద్దసారు చెప్పాడట. నన్ను తిట్టడానికి చేసిందనుకుని గొంతు సవరించుకున్నాను. తిట్టలేదు.

"అన్నా, నేను ముట్టినందుకు పోలేదని జర ఒక కాయితం రాసిస్తవా?" అంది.

వారంలో పంపిస్తానన్నాను. ఆ సాయంత్రమే లెటర్‌హెడ్డు ముందేసుకుని, సాంకేతిక కారణాల వల్ల అని మొదలుపెట్టాను. చదివితే ఎవరి తప్పో ఎవరికీ తెలియదు. చింపేశాను. ఇంకొకటి రాశాను. అందులో ఆమె తప్పు లేదని ఉంది, నా తప్పని లేదు. అదీ చింపేశాను. నా తప్పని రాసి ముద్ర కొడితే ఆ మాట జనగామ దాకా పాకుతుందని, దుకాణం పేరు పోతుందని భయం. పన్నెండు బోర్డులు పోయాయని రాయడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. ఇది రాయడానికి ఇవాళ రేపంటూ నెల దాటించాను. మధ్యలో ఆమె మళ్లీ ఫోన్ చేసింది. పేరు చూసి ఎత్తలేదు. బల్ల మీద అది మోగి మోగి ఆగిపోయేదాకా, దొంగలా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

ఆ తర్వాత ఇక నా వల్ల కాలేదు. మర్నాడు పొద్దున షట్టరు ఎత్తగానే కూర్చుని రాసేశాను. పన్నెండు కంప్యూటర్ల బోర్డులు బాగానే ఉండేవి. పాత చిప్పులకు సరిపడని కెర్నల్ వేసింది నేను. దుమ్ము తుడవమన్నది నేను. ఈ అమ్మాయి తెర చదివి కారణం సరిగ్గా చెప్పింది, నేను వినలేదు. తప్పు నాది. సంతకం పెట్టి ముద్ర కొట్టాను. పెద్దసారుకు ఫోన్ చేసి అదే చెప్పాను. అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకు తవ్వుతున్నావని విసుక్కుని పెట్టేశాడు. కాగితాన్ని పోస్టులో వేయడానికి మనసొప్పక చిట్యాల వెళ్లాను.

రేకుల ఇంటి ముందు మిరపకాయల కుప్ప దగ్గర కూర్చుని తండ్రీ కూతురూ తొడిమెలు తీస్తున్నారు. నన్ను చూసి ఆమె లేచి, చేతులు కడుక్కుని, కుర్చీ వేసింది. కాగితం ఇచ్చాను. ఆలస్యమైందని ఏదో గొణిగాను.

"గా కొలువు పోయిన సోమారమే నింపిన్రు అన్నా," అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఏం చేయాలో తెలియక కాగితం వెనక్కి తీసుకోబోయాను. ఆమె ఇవ్వలేదు. ఉండనీ, మా నాయిన కూడా నేనే ఖరాబు చేశాననుకుంటున్నాడు అని మెల్లగా చెప్పింది. ఆయనకు చదువు రాదు. ఆమె వెళ్లి ఆయన పక్కన కూర్చుని, వేలు పెట్టి ఒక్కో మాటా చదివి వినిపించింది. దుకాణం పేరు, ముద్రలో ఉన్న ఊరు పేరు కూడా వదల్లేదు. తప్పు నాది అన్న దగ్గరికి వచ్చేసరికి నేను నేల చూపులు చూస్తున్నాను. ఆ పెద్దాయన నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. చేతిలో మిరపకాయ కుప్పలో వేసి, కూతురి వైపు తిరిగాడు.

"మరి గప్పుడే చెప్పకపోయినవా బిడ్డా?"

"చెప్పిన నాయినా," అంది ఆమె, కాగితం మడుస్తూ. "చదివి మరీ చెప్పిన."