బంక ఆరని బూట్లు

డెబ్భైల చివర్లో డిగ్రీ పూర్తిచేసి, నేనూ మా మేనత్త కొడుకూ ఇచ్ఛాపురంలో అరుగులు అరగదీస్తున్నాం. ఒకరోజు మాటా మాటా పెరిగి, కాకినాడ దాకా నువ్వు నడవలేవంటే నువ్వు నడవలేవని పందెం వేసుకున్నాం. మర్నాడే బయలుదేరాం. విశాఖపట్నం చేరేసరికి తొమ్మిది రోజులైంది. బావకి టైరు చెప్పులు, అతనికేమీ కాలేదు. నా కుడి బూటు సోలు మాత్రం నోరు తెరిచింది. మడమ మీద బొబ్బ పగిలి మేజోడుకి అంటుకుపోయింది.

పాతవూళ్ళో కురుపాం మార్కెట్ దగ్గర ఒక ముసలి సాయిబుగారి చెప్పుల దుకాణం కనిపించింది. ఆయన బూటు చూశారు. తర్వాత నా కాలు చూశారు.

"ఎక్కడి నుండి వత్తన్నారు?"

"ఇచ్ఛాపురం నుండి. నడిసి," అన్నాడు బావ.

"నడిసెందుకు బాబూ?"

పందెం అని చెప్పడానికి బావకి నామోషీ అనిపించింది. "మా అమ్మకి ఒంట్లో బాగోనేదండి. అన్నవరం నడిసి వత్తానని మొక్కుకున్నాను," అన్నాడు. మా మేనత్త ఆ క్షణాన ఊళ్ళో కోడళ్ళ మీద కేకలు వేస్తూ ఉండి ఉంటుంది.

సాయిబుగారు సోలుకి బంక రాసి, రెండు మేకులు కొట్టి, బూట్లు అటక మీద పెట్టారు. "రేపు రండి. బంక ఆరాల."

నేను ఒట్టి కాళ్ళతో ఎక్కడికి వెళ్ళను? ఆ మాట ఆయనే అన్నారు. దుకాణం వెనక తోలు చుట్టలుంచే గదిలో చాప వేశారు. ఇంటి గుమ్మానికున్న పరదా వెనక నుంచి ఆయన భార్య ఉప్పు, పసుపు వేసిన వేణ్ణీళ్ళు పంపి, కాలు అందులో ఉంచమని చెప్పింది. ఆ పూట రొట్టెలూ, చింతకాయ వేసిన చేపల పులుసూ పెట్టారు.

మర్నాడు బుధవారం. "ఆరనేదు," అన్నారాయన. "సముద్రం గాలి కదా, తేమ."

మధ్యాహ్నం ఆయన నమాజుకి వెళ్ళగానే బావ అటకెక్కాడు. బూటు తెచ్చి నా ముందు పెట్టాడు. సోలు రాయిలా ఉంది.

"ఇదేటి బావా, ఈ పెద్దాయన మనకంటే పెద్ద అబద్ధాలకోరు," అన్నాడు బావ సంబరంగా.

"అడుగుదామా?"

"అడిగితే ఎల్లిపోవాల. రాత్రి కూరేటో తెలుసుకున్నావా?"

బూటు మళ్ళీ అటకెక్కింది. గురువారం సాయంత్రానికి నా మడమ మీద కొత్త చర్మం వచ్చింది. సాయిబుగారు దాన్ని వంగి చూసి, "రేపు పొద్దున్న ఎల్లొచ్చు. బంక ఆరింది," అన్నారు. అప్పుడే పరదా వెనక నుంచి ఆమె, రేపు జుమ్మా, బిర్యానీ చేద్దామనుకున్నానని నొచ్చుకుంది.

శుక్రవారం పొద్దున్న సాయిబుగారు బూటు తీసి బొటనవేలితో నొక్కారు. నీళ్ళు కారాయి. పైకప్పు వైపు చూశారు.

"వాన పడిందేటి?"

"మంచు కురిసిందండి," అన్నాడు బావ. అది వేసవి మొదలు. నవ్వు ఆపుకోలేక నేను గోడ వైపు తిరిగిపోయాను.

ఆయన బూట్లు ఎండలో పెట్టారు. మధ్యాహ్నం బిర్యానీ ఇద్దరం ఒళ్ళు తెలియకుండా తిన్నాం. చేతులు కడుక్కుంటుంటే ఆమె ఒక పొట్లం పంపింది. నిన్న దర్గా కొండెక్కి బావవాళ్ళ అమ్మ కోసం ఫాతిహా ప్రార్థన చదివించిందట. పొట్లంలో అక్కడి ప్రసాదం పంచదార.

బావ పొట్లం విప్పి చూసి, మళ్ళీ కట్టేశాడు. ఆమెకి మోకాళ్ళ నొప్పులని మాకు తెలుసు. ఆ కొండకి మెట్లు తక్కువేం కాదు.

"మా అమ్మకి ఏటీ నేదమ్మా," అన్నాడు చివరికి. "గట్టిగానే ఉంది. నాను అబద్ధం సెప్పాను."

పరదా వెనక నుంచి నవ్వు వినిపించింది.

"గట్టిగుంటే మంచిదే కదా బేటా. పంచదార తీసుకెల్లు. గట్టిగున్నోల్లు తినకూడదేటి?"

"మంచు కురిసినప్పుడే అనుకున్నాన్లే," అన్నారు సాయిబుగారు సుత్తి పక్కన పెట్టి.

నాకూ ధైర్యం వచ్చింది. "మీ బంక బుధవారమే ఆరిపోయిందండి. మేం చూశాం."

ఆయన ఏమాత్రం తడబడలేదు. "బంక ఆరింది బాబూ. నీ మడం ఆరనేదు."

శనివారం పొద్దున్న ఆయనే నా బూటు తాళ్ళు బిగించి కట్టారు. దారిలో అబద్ధం ఆడనని బావ గాజువాక దాటకముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఎలమంచిలి టీ కొట్టులో ఒకాయన ఎందుకు నడుస్తున్నారని అడిగితే, "పందెమండి, పనేటీ నేక," అని నిజమే చెప్పాడు. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, గ్లాసులు దూరంగా జరిపి, "నిజం సెప్పండి, పోలీసులేటి మీ ఎనకాల?" అన్నాడు.