ఉగాది నుంచి లెక్క

స్కానింగ్ సెంటర్ పార్కింగ్‌లో కారు స్టార్ట్ చేయకుండానే ఇద్దరం నవ్వుతూ కూర్చున్నాం. నవ్వు ఆపుకుందామని నా భార్య నీళ్లు తాగబోయింది. అవి ముక్కులోంచి వచ్చాయి. దాంతో మళ్లీ మొదటికొచ్చింది.

వారం కిందట క్లినిక్ నుంచి ఫోన్. ప్లేనో నుంచి శాన్ రామన్‌కి ఊరు మారడం, ఇన్సూరెన్స్ మారడం, ఈ రెండింటి మధ్య మొదటి విజిట్టే ఆలస్యమైంది. స్కాన్‌కి ముందే రక్తపరీక్ష చేశారు. తల్లి రక్తంలో మూడు హార్మోన్లు, బిడ్డ నుంచి వచ్చే ఒక ప్రొటీన్ కొలుస్తారు. ఎన్నో వారానికి ఎంత ఉండాలో ల్యాబ్‌కి ఒక లెక్క ఉంటుంది. మా ప్రొటీన్ బాగా ఎక్కువ ఉందట. బిడ్డ వెన్నెముక సరిగా మూసుకోకపోయినా అలా ఉండొచ్చు, స్కాన్ చేస్తేగానీ చెప్పలేం అంది నర్సు. నంబర్ తేడాగా వస్తే ముందు ఇన్‌పుట్ చూడమని ఆఫీసులో అందరికీ చెప్పేవాణ్ణి. ఆ వారం అది నాకు తట్టనేలేదు.

స్కాన్‌లో వెన్నెముక పూసలు గుచ్చినట్టు, ఒక్కటీ తప్పకుండా కనిపించింది. కానీ బిడ్డ మేం చెప్పిన తేదీకి దాదాపు నెల పెద్దగా ఉంది. ఎప్పటి నుంచి లెక్కపెట్టారని డాక్టర్ అడిగింది. నా భార్య ఉగాది తేదీ చెప్పింది. నెల తప్పిందని ఆ రోజే వాళ్లమ్మకి చెప్పింది, ఇంట్లో లెక్కంతా అక్కడి నుంచే. క్లినిక్‌కి కావాల్సింది అంతకు ముందు నెలసరి మొదలైన రోజు. పెద్ద బిడ్డ, ఎక్కువ ప్రొటీన్. కొత్త తేదీతో చూస్తే నాలుగూ మామూలే.

కారులోంచే అత్తయ్యకి వీడియో కాల్ చేశాం. వెన్నెముక సంగతి విని కళ్లు తుడుచుకుంది. తేదీ సంగతి మాత్రం ఒప్పుకోలేదు.

"నెల తప్పిన రోజు కాక ఇంకెప్పటి నుంచి లెక్కపెడతారే? ముందు నెల కడుపులో ఏముందని?"

ఆ వాదనలో నాకు తప్పు దొరకలేదు.

"అత్తయ్యా, పురిటికి మీరొచ్చే ఫ్లైట్ టికెట్ ఓ నెల ముందుకి మార్చాలి."

"మార్చు బాబూ. ఆ పొట్ట ఆ నెలది కాదని నేనప్పుడే అనుకున్నా."

ఉయ్యాల, కారు సీటు, పిల్లల డాక్టర్, పేరు: పనుల ప్లాన్‌లో అన్నీ ఒక్కసారిగా నెల వెనకబడ్డాయి. ఏ ప్రాజెక్టు లేటయినా ఇంత ఆనందం కలగలేదు. ఇంటికి వెళ్లకుండా నేరుగా కారు సీటు కొనడానికే బయల్దేరాం.