బూడిద అంటిన రెండో డిస్కు

నేరం చేసినవారే వకీలై వాదిస్తే, ఆ కోర్టులో ముద్దాయికి మిగిలేదేమిటి?

నా చిన్నప్పుడు అలాంటి కోర్టు ఒకటి మరాఠీ సరిహద్దులోని హిమాయత్‌నగర్ దగ్గరి మా ఊళ్లో, మా ఇంటి ముందుగదిలోనే కొలువుతీరింది. వకీలును నేను. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

మా వైపు టాకీసుల్లో హిందీ, మరాఠీ సినిమాలే ఆడేవి. కొత్త తెలుగు సినిమా చూడాలంటే దాని సీడీ బజారులోకి వచ్చేదాకా ఆగవలసిందే. మా చిన్నాయన భైంసా వెళ్లినప్పుడల్లా ఒకటి అద్దెకు తెచ్చేవాడు. సినిమా రెండు డిస్కులుగా వచ్చేది: ఇంటర్వెల్ దాకా మొదటిది, ఆ తరువాత రెండోది. ఆ శనివారం తెచ్చినది కోర్టు కథ. యజమానిని చంపాడని ఒక వంటమనిషి మీద నేరం. నల్లకోటు వకీలు వేలు చూపి అడిగే ఒక్కో ప్రశ్నకూ అతను నీళ్లు నములుతుంటే, మొదటి డిస్కు ముగిసేసరికి అతనే హంతకుడని మా ముందుగదిలో చేరిన వాడంతా తేల్చేసింది. అంతలో కరెంటు పోయింది. తీర్పు మరునాటికి వాయిదా పడింది.

ఆదివారం పొద్దున పెద్దలు పత్తి చేనికి పోయారు. మా తాతయ్య ఒక్కడే పెరట్లో మంచం నులక బిగిస్తున్నాడు. నేను ఆగలేక రెండో డిస్కు తీశాను. దాని మీద వేలిముద్రలున్నాయి. మా ఇంట్లో ఇత్తడి చెంబు మెరవాలంటే పొయ్యి బూడిదతో తోమేవారు. మెరిసే వస్తువు ఏదైనా అంతేనని నమ్మి, డిస్కును బూడిదతో శ్రద్ధగా తోమాను. కడిగి చూస్తే దాని నిండా గీతలు. ఎవరూ చూడకముందే కవరులో పెట్టేశాను.

మధ్యాహ్నం వాడంతా మళ్లీ చేరింది. మా వాకిలి ఊడ్చి, పొయ్యి బూడిద ఎత్తి పెంటకుప్పలో పోసే కూలి మనిషి, నా ఈడుదైన ఆమె కూతురు ఎప్పటిలాగే గడప అవతల, చెప్పుల పక్కన కూర్చున్నారు. వాళ్లను అక్కడే కూర్చోమని ఎవరూ చెప్పేవారు కాదు. చెప్పనక్కరలేని ఆచారం అది.

బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోయింది. చిన్నాయన డిస్కు తీసి వెలుతురుకు పట్టి చూశాడు.

"ఎవరు ముట్టిర్రు దీన్ని? రేపు దుకాణపాయనకు ఏం చెప్పాలె నేను?"

ఆయన చూపు నా వైపు తిరగబోయింది. అప్పుడు లేచాను. భయంతో లేచానో, ఆ నల్లకోటు మీది మోజుతో లేచానో నేటికీ తేల్చుకోలేను.

"చిన్నాయనా, ఆ బొక్క చుట్టు చూడు, బూడిదున్నది. మనింట్ల దినాం బూడిద ఎత్తేటోళ్లు ఎవరు? పొద్దుగాల మీరంత చేన్ల ఉన్నప్పుడు వాకిట్ల ఉన్నదెవరు?"

నేను వేలు చూపలేదు. చూపనవసరం లేకపోయింది. తలలన్నీ గడప వైపు తిరిగాయి. "అరె, అచ్చం వకీలు తీర్గ అడిగింది పోరి!" అన్నారెవరో. కొందరు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు తియ్యగా ఉన్నాయన్నది కూడా ఇక్కడ ఒప్పుకోవాలి.

"నేను ముట్టలే పటేలా," అంది ఆ పిల్ల చిన్నాయనతో. మాట పూర్తికాకముందే తల్లి ఆమె వీపు మీద రెండు దెబ్బలు వేసింది. కూతురు చేసిందని నమ్మి కాదు; మేము కొట్టకముందే తాను కొడితే సరిపోతుందని.

"రేపటి సంది పనికి రాకుర్రి," అన్నాడు చిన్నాయన. వాళ్లకు మా ఇంటి పనే ఆధారమని నాకు తెలుసు. అయినా చేతులు వెనక్కి దాచుకున్నాను.

అప్పుడు తాతయ్య పెరట్లోంచి వచ్చాడు.

"ఆగురా. అదాలత్ ఇంక ఐపోలే. వకీలమ్మా, ఇటు రా. ఆ పిల్ల కూసున్న తాన కూసో."

చెప్పుల పక్కన కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే తలుపు రెక్క టీవీని సగం కప్పేసింది. నిన్న బోనులో నిలబడిన ముద్దాయి ఆ చోటికి కనిపించనే కనిపించి ఉండడు. ఆ పిల్ల చూసింది సగం సినిమాలో సగం.

"ఇగ లేవకుండ, గడప దాటకుండ ఆ డిస్కు అందుకో."

చేయి చాచాను. చిన్నాయన చేతిలోని డిస్కు గదికి ఆ చివరన ఉంది.

"ఈ పిల్ల ఎన్నడన్న ఈ గడప దాటిందా? చూసినోళ్లు చెప్పుర్రి."

తాతయ్య ఒక్కొక్కరి ముఖం చూసి తానే చెప్పాడు.

"దాటలే. మనం దాటనియ్యలే. ఇంట్లకే రానియ్యని పిల్ల ఇంట్ల వస్తువు ఎట్ల చెడగొడ్తది? ఈ గడప కాడ అడ్డం పెట్టింది మనమే. మా నాయిన పెట్టిండు, నేను నడిపిచ్చిన. ముందుగాల నన్ను బోన్ల నిలబెట్టుర్రి." తరువాత ఆ పిల్లతో మెత్తగా, "లోపటికి రా బిడ్డా," అన్నాడు.

ఆమె రాలేదు. తల్లి చేయి పట్టుకుని వెళ్లిపోయింది. పని పోలేదు, మరునాడు తల్లి వచ్చి వాకిలి ఊడ్చింది. ఆ పిల్ల మాత్రం ఆ తరువాత ఏ సినిమాకూ మా ఇంటికి రాలేదు.

ఆ సాయంత్రం తాతయ్య నన్ను తొట్టి దగ్గరికి తీసుకుపోయి, నా గోళ్లలో మిగిలిన బూడిదను తన వేళ్లతో తీసి కడిగాడు. "నేను అడగ. నువ్వే పోయి చెప్పాలె," అన్నాడు, అంతే. నేను వెళ్లలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటుండగానే ఏళ్లు గడిచాయి, తాతయ్యా కన్నుమూశాడు.

కళాశాలలో డిబేటు పోటీల కోసం వాదన నేర్చుకున్నాను. ఏ పక్షం ఇచ్చినా గెలిచే విద్య అది. గెలిచిన ప్రతిసారీ చప్పట్ల మధ్య ఆ రెండు దెబ్బల చప్పుడు వినిపించేది. ఆమె నిర్దోషి అనడానికి మా ఇంట్లో దొరికిన ఏకైక సాక్ష్యం మేము ఆమెకు చేసిన అన్యాయమే. ఇంతకన్నా సిగ్గుపడవలసిన సాక్ష్యాన్ని నేను ఏ వేదిక మీదా చూడలేదు. ఆ సినిమా ఇప్పుడు ఫోనులోనే దొరుకుతుంది. రెండో సగం నేటికీ చూడలేదు. ఆమెకు చెప్పకుండా దాన్ని చూసే హక్కు నాకు లేదు. ఈ ఆదివారం ఊరికి వెళుతున్నాను. వాళ్లింటి గడప అవతల నిలబడి, ఆ డిస్కు తోమింది నేనేనని చెబుతాను.

మిమ్మల్ని కోరేది ఒక్కటే. మీ ఇంట్లో ఏదైనా చెడితే, ఎవరి మీదనైనా వేలు చూపేముందు, మీరు వారిని కూర్చోబెట్టిన చోట ఒక్కసారి కూర్చుని చూడండి. మీ గోళ్లలోనే బూడిద ఉంటే, రేపటిదాకా ఆగకండి. ఇవాళే వెళ్లి చెప్పండి.